రికార్డు రెండో వైపు

(తిరుపతిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



తన గురించి ఎవరైనా మాట్లాడబోతే, ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ అయ్యవారు "పాట సంగతి చెప్పు నాయనా" అని మాట మళ్ళించేవారు. అందుకని ఆయన గురించి నాలుగు మాటలే చెప్పి పాట సంగతికి వస్తాను. ఆయన పాడలేదు, వాయించలేదు. బడిలో లెక్కలు చెప్పారు. ఇంటికొచ్చి విన్నారు. వినడం కూడా సాధన చేయాల్సిన విద్యేనని నమ్మి, జీవితమంతా ఆ సాధన చేశారు. ఆయన దగ్గర పాట వినాలంటే రెండు షరతులుండేవి. రికార్డు పెడితే రెండు వైపులా వినాలి. అట్ట మీద రాసిందంతా, చిన్నచిన్న అక్షరాలతో సహా చదవాలి. పక్కవాద్యం ఎవరు, ఎక్కడ రికార్డయింది, ఎప్పుడయింది అని అడిగేవారు. చెప్పలేకపోతే కోప్పడరు, మళ్ళీ అట్ట చేతికిస్తారు.

రెండో వైపు వినాలని ఎందుకంత పట్టుబట్టేవారో ఇప్పుడు బాగా తెలుస్తోంది. అమ్ముడుపోయే పాటని కంపెనీ మొదటి వైపు పెడుతుంది. పాడిన మనిషికి ఇష్టమైనది చాలాసార్లు రెండో వైపున ఉంటుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడేది అలా రెండో వైపున ఉండిపోయిన సంగీతం గురించి. మన చిత్తూరు సీమలో, మన తిరుపతిలో, మన చుట్టుపక్కల పుట్టి రికార్డయి, ఎవరూ పెద్దగా పట్టించుకోని పాట గురించి.

మొదట, అందరూ విన్న రికార్డుతోనే మొదలుపెడతాను.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో హెచ్.ఎం.వి. ఎల్పీగా వచ్చింది. ఈ ఊళ్ళో తెల్లవారుజామున ఏ వీధిలో నడిచినా అది వినిపిస్తుంది. పూర్ణకుంభం కూడలిలో ఆమె కంచు విగ్రహం నిలబెట్టుకున్నాం. ఆ గౌరవానికి ఆమె అన్ని విధాలా తగినవారు. ఆ రికార్డు మీద వచ్చే రాయల్టీని వేద పాఠశాలకు రాసిచ్చిన తల్లి ఆమె. అయినా ఒక మాట అడుగుతాను. ఆ రికార్డులో ఆమెతో కలిసి వినిపించే రెండో గొంతు ఎవరిదో మనలో ఎందరికి తెలుసు? రాధా విశ్వనాథన్ గారిది. అందులో సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. ఈ నాలుగు భాగాలకీ నాలుగు నడకలు. మేలుకొలుపులో ఉన్న తొందర ప్రపత్తిలో లేదు. శరణాగతి దగ్గరికొచ్చేసరికి గొంతులు రెండూ నెమ్మదిస్తాయి. పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ గారు ఆ నాలుగింటినీ కట్టిన వరుసలోనే ఒక భావం ఉంది. కళ్ళు మూసుకుని మొదటినుంచి చివరిదాకా వింటే తప్ప అది పట్టుబడదు. ఆమె కంటే ముందు పి.వి. అనంతశయనం అయ్యంగారు పాడిన సుప్రభాతం ఆకాశవాణిలో వచ్చేది. ఆ గొంతులో కచేరీ మెరుగులు లేవు. గుడి వాకిట్లో నిలబడి చదువుతున్నట్టు ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఒకే పాఠం కైంకర్యంగా ఎలా ఉంటుందో, సంగీతంగా ఎలా మారిందో తెలుస్తుంది.

ఇలా వీధివీధినా వినిపించే సంగీతాన్ని ఎలా వినాలో చెప్పే దూరదేశపు కథ ఒకటుంది. 1975లో బ్రయాన్ ఈనో అనే ఇంగ్లండు సంగీతకారుడు ప్రమాదంలో దెబ్బలు తగిలి మంచాన పడ్డాడు. చూడవచ్చిన స్నేహితురాలు పాతకాలపు హార్ప్ సంగీతం రికార్డు ఇచ్చి వెళ్ళింది. దాన్ని పెట్టుకుని పడుకున్నాడు. శబ్దం మరీ తక్కువగా ఉంది. లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన పడుతోంది. వాన చప్పుడులో ఆ తీగల స్వరాలు అక్కడక్కడా తేలుతూ వినిపించాయి. గదిలో వెలుతురు లాగా సంగీతం కూడా పరిసరాల్లో భాగమైపోవచ్చని ఆయనకు అప్పుడు తోచింది. 1978లో విమానాశ్రయాల కోసం ఒక ఆల్బం చేసి, దానికి యాంబియెంట్ అని పేరు పెట్టాడు. శ్రద్ధగా వింటే శ్రద్ధకు తగినంత ఇవ్వాలి, పట్టించుకోకపోయినా ఇబ్బంది పెట్టకూడదు. ఆ సంగీతానికి ఆయన పెట్టుకున్న నియమం ఇది.

ఆ నియమంలో రెండు సగాలున్నాయి. సుప్రభాతం విషయంలో మనకు రెండో సగమే మిగిలింది. అది ఊరి గాలిలో కలిసిపోయింది. పళ్ళు తోముకుంటూ, పాలప్యాకెట్టు కత్తిరిస్తూ వింటున్నాం. అది తప్పని నేననను. ఒక పాటకి అంతటి చోటు దొరకడం మహాభాగ్యం. కానీ మొదటి సగం కూడా దానికి బాకీ ఉన్నాం. అందరికీ తెలిసిన రికార్డు గతే ఇలా ఉంటే, తెలియనివాటి గతి ఎలా ఉంటుందో ఊహించండి.

ఇక పాత మాటలు కొన్ని.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గారితో పేరుకెక్కింది. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పుకునేవారు. రికార్డు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్లో. అక్కడివాళ్ళు లేబులు మీద ఎవరి పేరు వేయాలో పొరబడకుండా ఆ ఏర్పాటు. ఆనాటి 78 ఆర్పీఎం రికార్డుల్లో లక్క ఉంటుంది, రాతిపొడి ఉంటుంది, మసి ఉంటుంది. పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. గంటసేపు రాగం పాడే విద్వాంసుడు ఆ మూడు నిమిషాల్లో తన విద్యంతా చూపించాలి. కొందరు దాన్ని అవమానంగా తీసుకుని స్టూడియో గడప తొక్కలేదు. కొందరు ఆ ఇరుకులోనే అద్భుతాలు చేశారు.

ఆ రెండో వరుసలోని మనిషి మన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై గారు. 1898లో పుంగనూరులో పుట్టారు. కాంచీపురం నాయనా పిళ్ళై గారి దగ్గర గురుకులవాసం చేశారు. 1954లో సంగీత కళానిధి. నాయనా పిళ్ళై గారంటే లయకు పెట్టింది పేరు. కచేరీకి వయొలిన్, మృదంగంతో ఆగక కంజీర, ఘటం, మోర్సింగు, కొన్నాకోలు దాకా వేదిక నిండా లయవాద్యాలను కూర్చోబెట్టుకునేవారు. దాన్ని 'ఫుల్ బెంచి' అనేవారు. ఆ మహానుభావుడి గొంతు మనకు రికార్డుల్లో దొరకదు. ఆయన బాణీ ఎలా ఉండేదో చెవితో తెలుసుకోవాలంటే శిష్యుడి రికార్డులే దిక్కు. సుబ్రహ్మణ్య పిళ్ళై గారు ఆనందభైరవిలో పాడిన 'మధురానగరిలో' జావళి ఆ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగిన రికార్డు. అది వినండి. లెక్కలకు, జతులకు పేరుపడిన సంప్రదాయం నుంచి వచ్చిన విద్వాంసుడు జావళిని ఎంత సుతారంగా ముట్టుకుంటాడో చూడండి. లయ మీద అంత అధికారం ఉన్నవాడికే అంత తీరిగ్గా పాడటం చేతనవుతుంది. తాళం ఎక్కడుందో అతనికి వెతుక్కునే పనిలేదు. చిత్తూరు అనే మాట ఆయన పేరు ముందు ఉంది. చిత్తూరులో ఆయన పాట మాత్రం వినిపించదు.

చిత్తూరు పేరు మోసిన ఇంకొకరు నాగయ్య గారు. పుట్టింది రేపల్లెలో అయినా, చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పాడి ఆడి ఆ ఊరి పేరును ఇంటిపేరుగా చేసుకున్నారు. పోతన, వేమన, త్యాగయ్య పాత్రల పాటలు అందరికీ తెలిసినవే. వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒకటి మాత్రం చెప్పాలి. నాగయ్య గారి పద్యం వినేటప్పుడు రాగాలాపన ఎంత కురచగా ఉంటుందో గమనించండి. రంగస్థలం మీద ఒన్స్ మోర్ల కోసం రాగం సాగదీసే కాలంలో, మాట అర్థమయ్యాక ఆపేయవచ్చని చూపించిన గాయకుడాయన. వెంకటగిరిలో పుట్టిన రావు బాలసరస్వతీదేవి గారు చిన్నపిల్లగా ఉన్నప్పుడే గ్రామఫోనుకు పాడారు. సాలూరి రాజేశ్వరరావు గారితో కలిసి ఆమె పాడిన లలితగీతాల రికార్డులున్నాయి. సినిమాతో సంబంధం లేకుండా, కేవలం వినడానికే తెలుగులో పాట పుట్టగలదని చెప్పిన రికార్డులవి. 2025లో ఆమె వెళ్ళిపోయారు. పత్రికలు సినిమా పాటల గురించే ఎక్కువ రాశాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

రికార్డింగు అనే మాట పుట్టకముందే ఈ తిరుమల కొండ మీద ఒక రికార్డింగు జరిగింది. తాళ్ళపాక అన్నమాచార్యుల వారి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. రెండువేలకు పైచిలుకు రేకులు. వాటిలో మనకు దొరికిన సంకీర్తనలు పన్నెండువేలకు పైగానే. అవి సంకీర్తన భాండాగారంలో దాదాపు నాలుగు శతాబ్దాలు ఉండిపోయాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వెలికితెచ్చారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు పరిష్కరించారు. రేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరుంది. స్వరం లేదు. కాబట్టి ఈనాడు మనం విన్న ప్రతి అన్నమయ్య పాటకూ వరస ఈ వందేళ్ళలోపు ఎవరో ఒక మనిషి కూర్చుని కట్టిందే.

ఈ సంగతి మనం ఎంత తేలిగ్గా మరచిపోతామో! 'నానాటి బతుకు' వింటూ అన్నమయ్య ఎంత గొప్పగా పాడాడు అనుకుంటాం. ఆ సాహిత్యం అన్నమయ్యది. దాన్ని రేవతి రాగంలో ఆ వైరాగ్యంలో ముంచి తీసినవారు నేదునూరి కృష్ణమూర్తి గారు. ఆయన పేరు క్యాసెట్టు అట్ట మీద ఒక మూలన ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. అప్పటి కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు, ప్రాజెక్టు నడిపిన కామిశెట్టి శ్రీనివాసులు గారు చేసిన మేలు తెలుగు సంగీతం మరువకూడదు. ఎం.ఎస్. గారి 'బాలాజీ పంచరత్నమాల' అయిదు ఎల్పీలు ఆ రోజుల్లోవే. వాయల్పాడులో పుట్టిన శోభారాజు గారు ఆ ప్రాజెక్టు ద్వారానే అన్నమయ్య పాటకు తన జీవితం ఇచ్చారు. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు 1978 నుంచి 2006 దాకా ఆస్థాన గాయకులుగా ఉండి ఆరువందలకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టారు. ఆయన 2025 మార్చి 9న ఈ ఊళ్ళోనే కన్నుమూశారు.

ఆరువందలు! అందులో పెళ్ళిళ్ళలో, గుళ్ళలో, టీవీలో తిరిగేవి ఎన్ని? పది, పదిహేను. మిగతావి క్యాసెట్ల రెండో వైపున ఉన్నాయి. బాలకృష్ణప్రసాద్ గారి వరసల గురించి నా అభిప్రాయం చెబుతాను. ఆయన కచేరీ కోసం కాక, సభలో కూర్చున్న వాళ్ళంతా అందుకుని పాడాలని వరస కట్టారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి జనం గొంతు కలుపుతారు. అందువల్ల కొందరు విద్వాంసులు ఆయన పనిని తేలిక సంగీతమన్నారు. నేను ఒప్పుకోను. జానపదుల నడకలున్న సంకీర్తనలను, జాజరలను, ఉగ్గులను, పెళ్ళిపాటలను ఆయన పల్లె నడకలోనే ఉంచారు. అధ్యాత్మ సంకీర్తనలకు వచ్చేసరికి రాగాన్ని ఎంత లోతుగా తవ్వారో, పెద్దగా ప్రచారం కాని క్యాసెట్లలో వినిపిస్తుంది. మనకు తెలిసిన పదిహేను పాటలతో ఆయన్ని కొలిస్తే ఆయన సగం మనిషే కనబడతాడు.

ఈ క్యాసెట్లు ఎందుకిలా మరుగునపడ్డాయి? దీనికి నేను చూసే కారణం ఒకటే. భక్తిపాటను మనం పుణ్యం కోసం కొంటాం. పుణ్యం వచ్చాక దాని పని అయిపోయింది. ఎవరు పాడారు, ఎవరు కట్టారు, వీణ వాయించిందెవరు అన్న ప్రశ్నలు అక్కడ పుట్టవు. దేవుడి పాటలో మనిషి పేరు అడగడం అపచారమన్నట్టు ఉంటుంది కొందరికి. అన్నమయ్య తన ప్రతి సంకీర్తనలో వేంకటేశ్వరుడి పేరుంచాడు, నిజమే. ఆ వంశంవాళ్ళు దాన్ని ఆకు మీద గాక రాగి మీద చెక్కించారు. పోకూడదని చెక్కించారు. భక్తిని మించిన కారణం ఒకటి అక్కడ ఉంది. అది పాట విలువ తెలిసినతనం.

రాత్రి ఏకాంతసేవ గురించి 'తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అని మనవాళ్ళు చెప్పుకుంటారు. పొద్దున పాట లోకమంతా మోగుతుంది. రాత్రి లాలి ఎంతమంది విన్నారు? తరిగొండ వెంగమాంబ మన చిత్తూరు సీమ ఆడబిడ్డ. ఆమె పాటల రికార్డులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడ సముద్రం అవతలి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పేది దూరదేశం మాటే అయినా, దాని వేరు మన రాయలసీమలో ఉంది.

ఆలిస్ కోల్‌ట్రేన్ 1937లో అమెరికాలోని డెట్రాయిట్లో పుట్టిన నల్లజాతి జాజ్ విద్వాంసురాలు. పియానో, హార్ప్ వాయించేవారు. జాన్ కోల్‌ట్రేన్ భార్య. ఆయన చివరి రోజుల బృందంలో పియానో ఆమెదే. 1967లో భర్త పోయాక ఆమె మనసు భారతదేశం వైపు మళ్ళింది. మొదట స్వామి సచ్చిదానంద, తర్వాత పుట్టపర్తి సత్యసాయిబాబా. కాలిఫోర్నియాలో ఆమె పెట్టిన ఆశ్రమం పేరే సాయి అనంతం. అక్కడ ఆమె భజనలు పాడించేవారు. మన భజనలే, సంస్కృత నామాలే. వాటి వెనక ఆమె చిన్నప్పుడు చర్చిలో వాయించిన ఆర్గాన్ ఉంది, బ్లూస్ ఉంది, సింథసైజరు జారుడు స్వరాలున్నాయి. 1982లో 'తురీయ సింగ్స్', 1987లో 'డివైన్ సాంగ్స్', 1990లలో మరో రెండు. అన్నీ క్యాసెట్లే. ఆశ్రమంలోని వాళ్ళ కోసం చేసుకున్నవి. పెద్ద కంపెనీలతో పనిచేసిన కళాకారిణి, బజారుతో పనిలేదని చేసిన సంగీతం. 2007లో ఆమె పోయారు. ఆ తర్వాత పదేళ్ళకు, 2017లో, ఒక చిన్న కంపెనీ ఆ క్యాసెట్లలోంచి ఎంచి ఆల్బంగా వేసింది. ఇవాళ జాజ్ గురించి రాసేవాళ్ళు, యాంబియెంట్ సంగీతం వినేవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుంటున్నారు.

నేను ఆ ఆల్బం మొదటిసారి విన్నప్పుడు నిర్ఘాంతపోయాను. మన గురువారం భజనల నడక అందులో ఉంది. అదే చప్పట్ల తాళం, అదే ముందు నెమ్మదిగా మొదలై చివరికి ఉరకలెత్తడం. కానీ ఆమె గొంతు కింది స్థాయిలో, దుఃఖం తెలిసిన గొంతు. బ్లూస్ పాడే నల్లజాతి స్త్రీల గొంతు. భజనకు అంత బరువు మోసే శక్తి ఉందని నాకు అంతకుముందు తెలియదు. ఆ ఆల్బం విన్నాక మన పల్లెల్లో తంబుర, చిరతలు పట్టుకుని తత్త్వాలు పాడే వాళ్ళను కొత్తగా విన్నాను. పోతులూరి వీరబ్రహ్మంగారి తత్త్వాలు, కైవారం నారాయణ తాత పదాలు మదనపల్లె, పుంగనూరు వైపు భజన గుళ్ళలో ఇప్పటికీ పాడుతున్నారు. కైవారం కర్ణాటకలో ఉంది, తాత పదాలు తెలుగులో ఉన్నాయి. ఆ పదాలు పాడేవాళ్ళు తెల్లవార్లూ పాడి, పొద్దున మగ్గం దగ్గరికో చేను దగ్గరికో వెళ్ళిపోతారు. వాళ్ళ పాటలు కూడా క్యాసెట్లయ్యాయి. ఆ క్యాసెట్ల గురించి సంగీత పత్రికల్లో ఒక్క మాట నేను చదవలేదు.

మన సీమలో భారతం పద్దెనిమిది రోజులు జరుగుతుంది. ధర్మరాజుల గుడి ఉన్న ప్రతి ఊరికీ అది పెద్ద పండగ. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజు సంతానం లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాగిలపడతారు. చివరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుడి ముందు భీముడు గద ఎత్తుతాడు. ఇవన్నీ మనకు తెలుసు, ఇందులో పుట్టి పెరిగాం. ఆ రాత్రుల సంగీతాన్ని మాత్రం సంగీతంగా లెక్కించలేదు. ముఖవీణ ఎత్తుకునే స్వరం, హార్మోనియం మీద ద్రౌపది ఏడుపు, మృదంగం మీద యుద్ధం. తెల్లవారుజాము మూడింటికి గొంతు పగిలిపోయాక కూడా పద్యం ఎత్తుకునే నటుడి ఆ పగిలిన గొంతులో ఒక అందం ఉంది. బ్లూస్ అభిమానులు దాన్ని గుర్తుపడతారు. శుభ్రమైన గొంతే సంగీతమని నేర్చుకున్న మనం గుర్తుపట్టలేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకల మోత కూడా అంతే. బైరాగి వేషానికి, దొర వేషానికి, మాతంగి వేషానికి దరువు మారుతుంది. వేషం చూడకుండా, కళ్ళు మూసుకుని ఏ వేషం వస్తోందో చెప్పగలిగిన పెద్దవాళ్ళను నేను ఎరుగుదును.

ఇలాంటి హరికథలు, వీధినాటకాలు, జాతర పాటలు క్యాసెట్లుగా, ఆపైన సీడీలుగా బస్టాండు దగ్గర, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్ళలో అమ్మేవారు. అట్ట మీద దేవుడి బొమ్మ, పైన 'జానపద గీతాలు' అని పెద్ద అక్షరాలు. లోపల పాడినవారి పేరు ఒక్కోసారి సగం ఉండేది, ఒక్కోసారి అసలు ఉండేది కాదు. ఊరి పేరు ఉండదు. సంవత్సరం ఉండదు.

ఊరి పేరు ఎందుకు ముఖ్యమో ఒక బ్లూస్ కథ చెబుతుంది. మిస్సిసిపీ జాన్ హర్ట్ అనే పాలేరు 1928లో ఓకే అనే కంపెనీకి కొన్ని పాటలు పాడాడు. రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. ఆయన తన ఊరికి వెళ్ళి మళ్ళీ పొలం పనుల్లో పడ్డాడు. ముప్ఫై అయిదేళ్ళు ఆయన ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. 1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త తన దగ్గరున్న పాత 78ల నుంచి 84 పాటలు ఏరి, ఆరు ఎల్పీల సంకలనం చేశాడు. జాన్ హర్ట్ పాటలు రెండు అందులో ఉన్నాయి. అవి విన్న కుర్రాళ్ళు ఈ మనిషి ఎవరని వెతికారు. ఆయన పాడిన ఇంకో పాటలో అవలాన్ అనే తన సొంత ఊరి పేరుంది. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ పేరు పట్టుకుని వెళితే, జాన్ హర్ట్ అక్కడే ఉన్నాడు. పాడమంటే పాడాడు. వేళ్ళూ గొంతూ అలాగే ఉన్నాయి. ఆ ఏడాదే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో పాడాడు. 1966లో పోయేలోపు మూడేళ్ళు లోకం ఆయన్ను విన్నది.

ఒక ఊరి పేరు ఒక మనిషిని తిరిగి తెచ్చింది. మన క్యాసెట్ల మీద ఆ ఊరి పేరు లేదు. హ్యారీ స్మిత్ ఏ విశ్వవిద్యాలయం వాడూ కాదు, డబ్బున్నవాడూ కాదు. అతని దగ్గరున్నది రికార్డులు, చెవి. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది, విశ్వవిద్యాలయాలున్నాయి, దేవస్థానం రికార్డింగు ప్రాజెక్టు ఉంది. చిత్తూరు సీమ పాటలు 84 కాదు, 40 ఏరి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే వివరాలతో ఒక సంకలనం ఇంతవరకూ నా చేతికి రాలేదు. రావాలి.

కొత్తదనానికి మనవాళ్ళు వెనకాడలేదని చెప్పడానికి ఒక్క ఆల్బం పేరు చెబుతాను. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి కర్ణాటక సంగీతం అందరికీ తెలుసు. 1995లో ఆయన కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బం చేశారు. రాగం ఉంది, కచేరీ చట్రం లేదు. మాండొలిన్ స్వరం చుట్టూ శబ్దం పొగమంచులా పరుచుకుంటుంది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, అప్పటికే ప్రపంచం మెచ్చిన విద్వాంసుడు, తన వేగాన్ని పక్కనపెట్టి ఒక్కొక్క స్వరాన్ని ఆగి వినిపించడం ఆ ఆల్బంలో చూస్తాం. ఆయన 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఆయన గురించి మాట్లాడేటప్పుడు ఈ ఆల్బం కూడా తలుచుకోవాలి. చిట్టిబాబు గారు వీణ మీద కోయిలను పలికించిన 'కొమ్మలో కోయిల', ఈమని శంకరశాస్త్రి గారు ఎవరెస్టు ఆరోహణను తలచుకుని చేసిన 'ఆదర్శ శిఖరారోహణం' కూడా ఇదే కోవలోవి. మాటలేని సంగీతం కథ చెప్పగలదని నమ్మి చేసిన పనులు.

తక్కువ తెలిసినదంతా గొప్పదని నేను చెప్పడం లేదు. మరుగునపడినవాటిలో పేలవమైనవి బోలెడున్నాయి. కీబోర్డులో ముందే నింపి ఉంచిన దరువు పెట్టి, గొంతుకు ప్రతిధ్వని తగిలించి, వారంలో తయారుచేసిన భక్తి క్యాసెట్లు మన ఊళ్ళో కుప్పలు. అవి మరుగున పడితే నష్టం లేదు. కానీ ఏది పేలవం, ఏది గట్టిదని తేల్చాలన్నా ముందు వినాలి. వినకుండా వదిలేయడం తీర్పు కాదు.

చివరిగా మీతో ఒక పని మాట్లాడాలి. ఈ సభలో ఉన్న వాళ్ళ ఇళ్ళల్లో అటక మీద క్యాసెట్లున్నాయి, కొందరి ఇళ్ళల్లో లక్క రికార్డులున్నాయి. దయచేసి పారేయకండి, పాతసామాన్ల వాడికి వేయకండి. లక్క రికార్డును స్పిరిటుతో తుడవకండి, లక్క స్పిరిట్లో కరుగుతుంది. మెత్తటి గుడ్డను కాస్త మంచినీళ్ళలో తడిపి, లేబులుకు తగలకుండా తుడిచి నీడన ఆరనివ్వండి. అలా పడుకోబెట్టి దొంతర పెట్టకండి, నిలబెట్టండి. క్యాసెట్టు టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టకండి. ఆ బూజు ప్లేయరుకు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. దాన్ని తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించి, ముందు ఒకసారి వెనక్కీ ముందుకీ తిప్పించి, అప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించాలి.

వీటన్నిటికంటే ముందు ఒక కాగితం తీసుకోండి. ఆ పాట పాడిందెవరో, ఏ ఊరో, హార్మోనియం ఎవరిదో, ఏ జాతరకో, ఏ భారతానికో, ఏ సంవత్సరమో మీ అమ్మనో, తాతనో, మీ ఊరి భజన గుడి పెద్దనో అడిగి రాసి ఆ డబ్బాలో పెట్టండి. అయ్యవారి రికార్డులను ఆయన కుటుంబం వినేవాళ్ళందరికీ తెరిచి ఉంచింది. వాటిని జాబితా చేసే పని మొదలైంది. చేయి కలపదలచినవాళ్ళు సభ అయ్యాక ఆగండి. మీ ఇంటి క్యాసెట్లను కూడా తీసుకురండి, పేర్లు రాసుకుందాం.